నీరు నడిచిన నేల – 9: ఏరు లేని దేశంలో జలపాతం

గత సంచికలో చంద్రవంక వాగు మీది ఎత్తిపోతల దగ్గర ఆగాం. డెబ్బై అడుగుల ఎత్తు నుంచి దూకి, కొద్ది దూరంలోనే కృష్ణలో కలిసిపోయే నీరు అది. వాగు నదిలో కలుస్తుంది, నది సముద్రంలో కలుస్తుంది. ఈ వరస మనకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆ వరస చెల్లని దేశంలో ఉంది ఈ వారం మన జలపాతం.

సౌదీ అరేబియా విస్తీర్ణం 21 లక్షల చదరపు కిలోమీటర్ల పైమాటే. రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినదానికి ఏడింతలకు పైగా నేల. అంత నేలలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటి కూడా లేదు. ఆ దేశానికి నైరుతి మూలన, ఒకవైపు ఎర్ర సముద్రం, మరోవైపు యెమెన్ సరిహద్దు మధ్య ఇరుక్కున్న చిన్న ప్రాంతం జిజాన్. అక్కడ పనిచేసి వచ్చిన మనవాళ్లను అడగండి. ఓడరేవు గురించి చెబుతారు, రోజుకు 4 లక్షల పీపాల ముడిచమురు శుద్ధి చేయగల ఆరాంకో రిఫైనరీ గురించి చెబుతారు, చొక్కా ఒంటికి అతుక్కుపోయే ఉక్కపోత గురించి తప్పకుండా చెబుతారు. ఆ నగరం నుంచి ఈశాన్యంగా సుమారు 130 కిలోమీటర్లు వెళితే, ఎండాకాలంలోనూ నీరు దూకే లోయ ఒకటి ఉందని చెప్పేవాళ్లు తక్కువ.

దాని పేరు వాది లజబ్. అరబ్బీలో వాది అంటే వానకు పారి మిగతా కాలం ఎండి ఉండే వాగు, దాని లోయ. అర్ రైథ్ జిల్లాలో, జబల్ అల్ కహర్ అనే కొండను నిలువునా చీల్చినట్టుండే ఇరుకు లోయ. పొడవు పది కిలోమీటర్ల పైనే. రెండు పక్కలా గోడలు మూడు వందల మీటర్లకు మించి లేస్తాయి. కొన్ని చోట్ల ఆ రెండు గోడల మధ్య ఎడం ఐదారు మీటర్లే. పట్టపగలు కూడా నేలమీద ఎండ పడేది కాసేపే. గోడల పగుళ్లలోంచి నీరు ఊరుతుంటుంది. ఆ తడిని పట్టుకుని మొక్కలు తలకిందులుగా వేలాడతాయి. లోపలికి పోయేకొద్దీ బండరాళ్ల మధ్య మడుగులు, వాటిలోకి దూకే చిన్నా పెద్దా ధారలు. ఎత్తును బట్టి చూస్తే మన తలకోన ముందు ఇవి నిలవవు. తలకోనకు మాత్రం వెనక శేషాచలం అడవి ఉంది, పైన ఏటా తప్పని వానలున్నాయి. లజబ్‌కు అలాంటి అండ లేదు. నీరు లేని దేశంలో నీరు ఎలా నిలబడిందన్న ప్రశ్నే ఈ లోయను గొప్పది చేసింది. జవాబు కావాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

అరేబియా పడమటి భాగమంతా ఒకే పురాతన శిల మీద నిలిచి ఉంది. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని అరేబియా కవచం (షీల్డ్) అంటారు. దాదాపు 90 కోట్ల ఏళ్ల నుంచి 55 కోట్ల ఏళ్ల కిందటి దాకా, సముద్రంలో పుట్టిన అగ్నిపర్వత దీవులు వరసగా వచ్చి ఒకదానికొకటి గుద్దుకుని అతుక్కుపోగా తయారైన నేల అది. హైదరాబాద్ గుట్టల్లో మనం చూసే గ్రానైట్‌కు సుమారు 250 కోట్ల ఏళ్లు. దాని పక్కన అరేబియా రాయి లేతదే. అయినా ఒక కాలంలో ఆ నేల, మన నేల, ఆఫ్రికా ఒకే మహాఖండంలో ముక్కలు. అప్పుడు జిజాన్‌కూ అవతలి ఆఫ్రికాకూ మధ్య సముద్రం లేదు. ఇవతలి కొండ, అవతలి కొండ ఒకటే కొండ.

మూడు కోట్ల ఏళ్ల కిందట ఆ నేల కిందినుంచి వేడెక్కడం మొదలైంది. ఇప్పటి ఇథియోపియా, యెమెన్ ప్రాంతాల మీద లావా వరదలై పారింది. నేల ఉబ్బింది, సాగింది, చివరికి చీలింది. సుమారు 2 కోట్ల 40 లక్షల ఏళ్ల కిందట ఆ చీలికల్లోకి కరిగిన రాయి ఎగదన్ని గోడలు గోడలుగా గడ్డకట్టింది. జిజాన్‌కు తూర్పున ఉన్న జబల్ అత్ తిర్ఫ్ చుట్టుపక్కల ఆ నల్లరాతి గోడలు ఇప్పటికీ బయటపడి కనిపిస్తాయి. ఎర్ర సముద్రం పుట్టుకను నేల మీద నడుస్తూ చదవగలిగిన చోట్లు ప్రపంచంలో తక్కువ. అందుకే ఈ చిన్న ప్రాంతం కోసం భూగర్భ శాస్త్రజ్ఞులు దూరదేశాల నుంచి వచ్చారు. చీలిక మధ్యభాగం కుంగింది, అంచులు లేచాయి. లేచిన తూర్పు అంచే అసీర్ కొండల వరస. ఉత్తరాన అభా దగ్గర జబల్ సౌదా 3,000 మీటర్ల దాకా పోతుంది. కుంగిన భాగంలోకి సముద్రం వచ్చింది. కొండకూ సముద్రానికీ మధ్య మిగిలిన సన్నని మైదానం తిహామా. జిజాన్ ఊళ్లు, పొలాలు చాలావరకు ఉన్నది దాని మీదే.

ఆ సముద్రం కూడా మొదట్లో నిలకడగా లేదు. బయటి సముద్రాలతో సరైన దారి లేక ఆవిరైపోతూ, మళ్లీ నిండుతూ అడుగున ఉప్పు పేర్చింది. కొన్ని చోట్ల ఆ ఉప్పు మందం కిలోమీటర్లలో ఉంటుంది. ఉప్పు తేలిక. పైన పడిన మట్టి బరువుకు తట్టుకోలేక మెత్తగా సాగి, దారి దొరికిన చోట పైకి తన్నుకొస్తుంది. జిజాన్ పాత పట్నం నిలబడిన మిట్ట అలా పైకొచ్చిన ఉప్పు గుమ్మటమే. తీరంలోని చవుడు నేల మధ్య ఊరు కట్టడానికి గట్టి మిట్ట దొరికిందని పాతవాళ్లు అక్కడ స్థిరపడ్డారు. కింద ఉప్పు కరిగినప్పుడల్లా పైన గోడలు బీటలు వారడం ఆ ఊరి ఇంజనీర్లకు తీరని తలనొప్పి.

తీరం అలా ఉండగా, తాగే నీరంతా కొండ నుంచే రావాలి. తీరాన ఏడాదికి 150 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. ఫైఫా, అర్ రైథ్ కొండల మీద మాత్రం అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. వసంతంలో ఎర్ర సముద్రపు తేమ గాలులు కొండకు తగిలి కొన్ని వానలిస్తాయి. జూలై, ఆగస్టుల్లో వచ్చే వానల వెనక మనకు చిరపరిచితమైన నైరుతి రుతుపవనం ఉంది. కేరళ మీదుగా మన ఏరువాకను మోసుకొచ్చే ఆ గాలుల పడమటి అంచు యెమెన్ మెట్టలను, అసీర్ కొండలను తాకుతుంది. పదివేల ఏళ్ల కిందటి నుంచి ఆరువేల ఏళ్ల కిందటి దాకా ఆ రుతుపవనం ఇంకా ఉత్తరానికి చొచ్చుకుపోయేది. ఇప్పుడు ఇసుక తప్ప ఏమీ లేని చోట్ల అప్పుడు చెరువులు నిండి ఉండేవి. ఇప్పటి వాదులు చాలావరకు అలాంటి తడి కాలాల్లో బలంగా కోసుకున్న దారులే.

లేచిన కొండ, కుంగిన మైదానం. ఇంత నిటారు వాలు మీద పడిన నీటికి తీరిక ఉండదు. రాళ్లను దొర్లించుకుంటూ కిందికి వస్తుంది, ఆ రాళ్లతోనే దారిని అరగదీస్తుంది. పెద్ద వాగు తన అడుగును వేగంగా లోతు చేసుకుంటుంది. పక్కనుంచి కలిసే చిన్న వాగుకు అంత బలం లేక వెనకబడుతుంది. ఆ వెనకబాటు ఉన్న చోటే నీరు దూకుతుంది. జలపాతమంటే వాగు ఇంకా పూర్తి చేయని పని. లజబ్ నీరు చేరేది వాది బైష్‌కు. జిజాన్ వాదులన్నిటిలోకీ పెద్దది, బలమైనది అదే. కొండలో అప్పటికే ఉన్న చీలికను పట్టుకుని నీరు పక్కలకు పోకుండా కిందికే కోసింది కాబట్టి లోయ ఇంత ఇరుకుగా, ఇంత లోతుగా మిగిలింది. వానలు లేని నెలల్లో నీరెక్కడిది అంటే, కొండ దాచినదే. వాన నీరు పగుళ్లలో ఇంకి, రాతి లోపల నెలల తరబడి నడిచి, గోడల నుంచి కొద్దికొద్దిగా ఊరుతుంది. ఎండ తగలని ఇరుకు కాబట్టి ఆవిరయ్యేదీ తక్కువ.

ఇక చరిత్రకు వద్దాం. జిజాన్ చరిత్ర అనగానే పుస్తకాలు సముద్రం వైపు చూస్తాయి. ఎదురుగా ఫరసాన్ దీవుల్లో రోమన్ సైనికులు క్రీ.శ. 144 నాటి లాటిన్ శాసనం వదిలి వెళ్లారు కాబట్టి, ఆ తర్వాత ఒట్టోమన్లు, ఇటాలియన్లు, ఇంగ్లీషువాళ్లు అందరూ ఓడల మీదే వచ్చారు కాబట్టి అలా చూడడం సహజం. నా అభిప్రాయం వేరు. ఓడలు వచ్చాయి, పోయాయి. ఇక్కడి మనిషిని నిలబెట్టింది కొండ మీద నుంచి వచ్చే వరద. దాన్ని వాళ్లు సైల్ అంటారు. ఈ నేల చరిత్ర రాసేవాళ్లు రేవు దగ్గర కాకుండా వాది దగ్గర మొదలుపెట్టాలి.

సైల్ వచ్చే తీరు మన వాగుల వరదకు భిన్నం. ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉంటుంది. ఎక్కడో యాభై, అరవై కిలోమీటర్ల అవతల కొండ మీద మబ్బు పగులుతుంది. కొన్ని గంటల్లో ఎండిన ఇసుక దారిలో ఎర్రటి బురద నీరు గోడ కట్టినట్టు వస్తుంది. కొన్ని గంటలు పారుతుంది, పోతుంది. ఏడాదికి వచ్చేది కొన్ని సార్లే. ఆ కొన్ని గంటల్లో నీటిని పట్టుకున్నవాడికి పంట, పట్టుకోలేనివాడికి ఏడాదంతా పస్తు.

పట్టుకునే పద్ధతి వేల ఏళ్లది. వాది ఇసుకలో అడ్డంగా మట్టికట్ట పోస్తారు. దాన్ని అక్మ్ అంటారు. వరద దానికి తగిలి పక్కకు తిరిగి పొలాల్లోకి పోతుంది. పొలాల గట్లు ఎత్తుగా ఉంటాయి, మోకాలు దాటి నీరు నిలుస్తుంది. నీటితో పాటు కొండ మట్టి కూడా దిగుతుంది. ఎరువు అదే. నీరు ఇంకాక జొన్న, సజ్జ, నువ్వులు విత్తుతారు. ఆ ఒక్క తడితో, లేదా ఇంకొక తడి దొరికితే దానితో, పంట ఇంటికి వస్తుంది. జొన్న కోశాక మోళ్ల నుంచి వచ్చే పిలకతో రెండో పంట తీసుకోవడం తిహామా రైతుకు తెలుసు. జిజాన్ నువ్వుల నూనెకు దేశమంతా పేరుంది. ఒంటె కాడి మోసి తిప్పే గానుగలు అక్కడ ఇంకా ఉన్నాయి. రాయలసీమ, తెలంగాణ మెట్ట రైతు ఎవరైనా ఆ పొలం గట్టు మీద నిలబడితే పంటల్లో ఒక్కదాన్నీ కొత్తగా పరిచయం చేసుకోనక్కర్లేదు.

అందరికీ చాలని నీటికి పంపకం కావాలి. దానికి సూత్రం ఒకటే: ఎగువవాడు ముందు, దిగువవాడు తర్వాత. మదీనాలో మహ్‌జూర్ వాది నీటి గురించి తగవు వచ్చినప్పుడు, ఎగువవాడు చీలమండల దాకా నీరు నిలుపుకుని మిగిలినది దిగువకు వదలాలని ప్రవక్త తీర్పు చెప్పినట్టు హదీసుల్లో ఉంది. తిహామా వాదుల్లో ఈ ఎగువ దిగువ వరసే కట్టుబాటుగా నిలిచింది. వినడానికి ఎగువవాడికే లాభంగా కనిపిస్తుంది. మట్టికట్ట మాత్రం దిగువవాడి పక్షాన ఉండేది. వరద పెద్దదైతే ఎగువ కట్ట నిలవదు, తెగుతుంది. తెగిన నీరు దిగువ పొలానికి చేరుతుంది. కట్ట బలహీనంగా ఉండడమే అక్కడ న్యాయం. ఈ సంగతి కాంక్రీటు వచ్చాక గానీ అందరికీ అర్థం కాలేదు. యెమెన్ వైపు వాదుల్లో సిమెంటు ఆనకట్టలు కట్టాక ఎగువవాళ్లు నీరంతా మళ్లించుకోవడం, దిగువ పొలాలు బీడు పడడం గురించి నీటిపారుదల పండితులు ఎన్నోసార్లు రాశారు. గొలుసుకట్టు చెరువుల కింద సేద్యం చేసిన మన పల్లెలకు ఈ తగవు కొత్తది కాదు.

రాజుల కథ త్వరగా చెప్పుకోవచ్చు. పదో శతాబ్దంలో సులైమాన్ ఇబ్న్ తరఫ్ అనే నాయకుడు ఇక్కడి రెండు సీమలను కలిపి ఏలాడు. అతని పేరు మీదే ఈ ప్రాంతం వందల ఏళ్లు అల్ మిఖ్లాఫ్ అస్ సులైమానీ అనిపించుకుంది. తర్వాత యెమెన్ రాజులు, అబూ అరీష్ షరీఫులు, ఒట్టోమన్లు. పంతొమ్మిదో శతాబ్దంలో మొరాకో నుంచి వచ్చిన సూఫీ గురువు అహ్మద్ ఇబ్న్ ఇద్రీస్ సబ్యాలో స్థిరపడి 1837లో అక్కడే కన్నుమూశాడు. ఆయన మునిమనవడు ముహమ్మద్ అల్ ఇద్రీసీ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఒట్టోమన్ల మీద తిరగబడి సొంత రాజ్యం కట్టాడు. 1915లో బ్రిటిష్ వాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. 1923లో ఆయన పోయాక రాజ్యం బలహీనపడింది. 1926లో సౌదీ రాజ్య స్థాపకుడు ఇబ్న్ సౌద్ రక్షణ కిందికి, 1930లో పూర్తిగా ఆయన చేతికి వెళ్లింది. 1934 మే 20న యెమెన్‌తో కుదిరిన తాయిఫ్ ఒప్పందం జిజాన్‌ను సౌదీలోనే ఉంచింది. ఈ రాజధానులన్నీ ఎక్కడున్నాయో పటం మీద చూడండి. అబూ అరీష్, సబ్యా, రెండూ రేవులు కావు. కొండ నీరు మైదానంలో పరుచుకునే చోట, పొలాల మధ్య వెలసిన ఊళ్లు. సైల్ ఎవరి చేతిలో ఉంటే పన్ను వాళ్లది, సైన్యం వాళ్లది.

కొండ మీది తెగలు మాత్రం ఎవరికీ పూర్తిగా లొంగలేదు. ఆ లోయల్లోకి గుర్రం పోదు, ఫిరంగి అసలే పోదు. 1936లో ఆంగ్లేయ యాత్రికుడు ఫిల్బీ, 1945–46ల్లో మిడతల నివారణ పని మీద వచ్చిన విల్ఫ్రెడ్ థెసిగర్ ఈ కొండల వెంట తిరిగారు. 1947లో లండన్ భౌగోళిక సంఘం పత్రికలో థెసిగర్ తన ప్రయాణం రాశాడు. వాళ్లు కాలినడకన, గాడిదల మీద తిరిగిన ఆ దారుల్లో తారు రోడ్డు వచ్చింది మన తరంలోనే. లజబ్ బయటి ప్రపంచానికి ఇంత ఆలస్యంగా తెలియడానికి కారణం అదే. అర్ రైథ్ మనుషులకు అది ఎప్పుడూ తెలుసు. వాళ్ల మేకలు నీళ్లు తాగే చోటు అది.

1970ల మొదట్లో వాది జిజాన్ మీద ఆనకట్ట వచ్చింది. సైల్‌ను ఆపి, అవసరం వచ్చినప్పుడు వదలాలన్నది ఆలోచన. రైతుకు వరద భయం తగ్గింది. పొలానికి రావలసిన ఒండ్రు జలాశయంలో పేరుకోవడం మొదలైంది. తర్వాత బైష్ మీద కట్టిన ఆనకట్ట ఇంకా పెద్దది. ఎత్తు 106 మీటర్లు, నిల్వ 19 కోట్ల 36 లక్షల ఘనపు మీటర్లు. మన లెక్కలో ఏడు టీఎంసీలకు కొంచెం తక్కువ. హైదరాబాద్ ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ రెండూ కలిపితే దాదాపు అంతే. పోలిక లెక్కలతో ఆగదు. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తిన తర్వాత, ఇంకోసారి అలా జరగకూడదనే ఆ రెండు జలాశయాలు కట్టారు. బైష్ కట్టిందీ అలాంటి భయంతోనే. లజబ్ గోడల నుంచి ఊరిన నీరు కూడా చివరికి బైష్ దారినే పట్టాలి.

నీటికి ఇంకో ముఖం ఉంది. 2000 సెప్టెంబరులో జిజాన్ వాదుల్లో గొర్రెలు, మేకలు ఈసుకుపోవడం, చచ్చిపోవడం మొదలైంది. తర్వాత మనుషులు జ్వరాలతో ఆసుపత్రుల్లో చేరారు. అది రిఫ్ట్ వ్యాలీ జ్వరమని తేలింది. ఆఫ్రికా దాటి ఆ వ్యాధి బయటపడడం అదే మొదటిసారి. వైరస్ తూర్పు ఆఫ్రికాది. దాన్ని మోసింది సైల్ నిలిచిన మడుగుల్లో పెరిగిన దోమలు. సౌదీలో వందమందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పశువులను సాకే పేదలు. ఈ నేల మీద పంట ఇచ్చే వరదే ఆ ఏడాది ప్రాణాలూ తీసింది. ఆ మరణాలను చెప్పకుండా జిజాన్ నీటి చరిత్ర పూర్తి కాదు.

ఇప్పుడు లజబ్‌కు జనం వస్తున్నారు. పైన కొండల్లో మెట్లు మెట్లుగా పండించే ఖౌలానీ కాఫీ సాగు పరిజ్ఞానాన్ని 2022లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ప్రభుత్వం పర్యాటకాన్ని పెంచాలని చూస్తోంది. మంచిదే. లోయ లోపలికి ప్లాస్టిక్ సీసాలు, బండి టైర్లు వెళ్లినంత సులువుగా బయటికి రావు. కొండ నెలల తరబడి దాచి ఇచ్చే నీరు అది. దాని మడుగును పాడుచేస్తే బాగుచేసే వరద ఎప్పుడొస్తుందో ఎవరి చేతిలోనూ లేదు.

ఈ ధారావాహిక చదువుతున్నవాళ్లలో జిజాన్, అభా, ఖమీస్ ముషైత్‌లలో పనిచేసే తెలుగువాళ్లు ఉండొచ్చు. వాళ్ల ఇళ్లవాళ్లు కూడా చదువుతుండొచ్చు. ఒక్క మాట వాళ్లకోసం. శుక్రవారం సెలవుకు స్నేహితులతో లజబ్ వెళ్లాలనుకుంటే వెళ్లండి, తప్పకుండా చూడవలసిన చోటు. వెళ్లే ముందు రోజు వాతావరణ హెచ్చరికలు చూడండి. మీ తలమీద ఎండ కాస్తున్నా తూర్పు కొండల మీద మబ్బు కనిపిస్తే లోయలో అడుగు పెట్టొద్దు. లోపల ఉండగా నీరు ఎర్రబడినా, దూరంగా రాళ్లు దొర్లే చప్పుడు వినిపించినా సామాన్లు వదిలేసి దొరికిన మిట్ట ఎక్కండి. అక్కడి గోడలకు పక్కదారులు లేవు. దారి చెప్పే స్థానికుడు వద్దన్న రోజు వెనక్కి తిరిగి రండి.

వచ్చే సంచికలో జిజాన్ తీరం నుంచి పడవెక్కి ఫరసాన్ దీవులకు వెళదాం.